చూసినట్లే వ్రాశానన్న మాట: పఠనంలో జారిపోయే అక్షరాలు, పాఠపరిష్కరణ

తాళపత్ర ప్రతుల చివర లేఖకులు చేర్చే సంస్కృత శ్లోకాలలో తరచుగా కనిపించేది ఒక విన్నపం. మూలప్రతిలో ఎట్లా చూశానో అట్లాగే వ్రాశాను, అది శుద్ధమైనా అశుద్ధమైనా దోషం నాది కాదు అని దాని సారం. తెలుగు లిపిలోని ప్రతులలోనూ ఈ శ్లోకం కొల్లలుగా ఉంది, దాన్ని వ్రాయడంలోనూ తప్పులు దొర్లిన ప్రతులతో సహా. పరిష్కర్తలు సాధారణంగా దీన్ని ఒక మర్యాదవాక్యంగానో, నింద తప్పించుకొనే ఉపాయంగానో భావించి దాటిపోతారు. ఈ వ్యాసం దాన్ని ఒక సాక్షి ఇచ్చిన వాఙ్మూలంగా తీసుకొంటుంది. లేఖకుడు అబద్ధమాడలేదు, చూసినదే వ్రాశాడు. అయితే అతడు ‘చూసినది’ ఆకు మీద ఉన్నదేనా అన్నది ప్రశ్న. ఈ ప్రశ్నకు గత నూట యాభై ఏళ్ల మనోవిజ్ఞానశాస్త్రం ఇచ్చిన సమాధానం మన పాఠపరిష్కరణ పద్ధతులను నేరుగా తాకుతుంది.

అజాగ్రత్త అనే ఒక్క మాటతో వివరించలేని తప్పులు ముద్రణ చరిత్రలో ఎన్నో ఉన్నాయి. 1631లో లండనులో రాజముద్రాపకులు రాబర్ట్ బార్కర్, మార్టిన్ లూకస్ ప్రచురించిన బైబిలులో, వ్యభిచరింపరాదన్న ఏడవ ఆజ్ఞలో నిషేధాన్ని తెలిపే చిన్న మాట ఒక్కటి లోపించింది. ఆజ్ఞ తలక్రిందులైంది. ముద్రాపకులకు మూడు వందల పౌండ్ల జరిమానా పడింది. ఆ పుట ప్రూఫు చూసినవారికి ఆ వాక్యం తెలియక కాదు. అది ఆ కాలపు క్రైస్తవులకు కంఠస్థమైన వాక్యం. కంఠస్థమైనది గనుకనే, పుటలో లేని మాటను వారి మనసు సమకూర్చి చదివి ఉంటుంది.

ఈ సమకూర్పు ఎట్లా జరుగుతుందో చూపిన తొలి పరిశీలనలు పంతొమ్మిదవ శతాబ్ది చివరి పాదానివి. పారిస్ నేత్రవైద్యుడు ఎమిల్ జవాల్ 1878–79 ప్రాంతంలో ప్రకటించిన వ్యాసాలతో ఒక పాత నమ్మకం చెదిరింది. చదివేటప్పుడు కన్ను పంక్తి వెంట నీటిధారలాగ సాగదు. చిన్నచిన్న గంతులు వేస్తూ, మధ్యమధ్య ఆగుతూ పోతుంది. ఆగినప్పుడే చూస్తుంది. ఆ ఆగడం సగటున సెకనులో నాలుగవ వంతుకు మించదు. గంతులో ఉన్నప్పుడు కంటికి పనికివచ్చే సమాచారమేదీ అందదు. చూపు కేంద్రంలో స్పష్టంగా పడేవి కొద్ది అక్షరాలే, మిగిలినవి అంచుల్లో మసకగా ఉంటాయి. అంటే పుటలోని ప్రతి అక్షరాన్నీ చూశామన్న మన అనుభవంలో ఎక్కువ భాగం ఊహ కట్టినదే. చదువు గురించిన తన ప్రధానగ్రంథాన్ని జవాల్ 1905లో ప్రకటించాడు. అప్పటికే గ్లాకోమా వ్యాధి వల్ల ఆయన చూపు పూర్తిగా పోయింది.

లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాలలో పనిచేసిన అమెరికా విద్యార్థి జేమ్స్ మెకీన్ కాటెల్ 1885–86లలో అక్షరాలను లిప్తపాటు చూపి తీసివేసే ప్రయోగాలు చేశాడు. అర్థరహితంగా పేర్చిన విడి అక్షరాలకంటె, పదంగా కూడిన అక్షరాలను ఒక్క చూపులో ఎక్కువగా పట్టుకోగలమని, పదాలు వాక్యమైతే ఇంకా ఎక్కువ పట్టుకోగలమని తేలింది. అయితే నా దృష్టిలో పాఠపరిష్కర్తలకు అన్నిటికంటె విలువైనది 1897లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి వాల్టర్ పిల్స్‌బరీ ప్రకటించిన అధ్యయనం. ఆయన తెరపై క్షణకాలం చూపిన పదాలలో ఉద్దేశపూర్వకంగా ఒక అక్షరాన్ని తొలగించాడు, లేదా మార్చాడు, లేదా మసకబార్చాడు. చాలా సందర్భాలలో పాఠకులు పదాన్ని సరైన రూపంలోనే చదివారు. అంతటితో ఆగలేదు. తెరపై లేని అక్షరాన్ని తాము స్పష్టంగా చూశామని కూడా కొందరు చెప్పారు. పదం చూపడానికి ముందు దానికి సంబంధించిన మరొక మాట వినిపిస్తే ఈ పూరణ మరింత తేలికైంది. మన లేఖకుని శ్లోకానికి ఇంతకంటె దగ్గరి వ్యాఖ్య నాకు కనబడలేదు. అతడూ చూశాననే అంటున్నాడు, నిజాయితీగానే.

ఆ తరువాతి పరిశోధనల్లో మనకు పనికివచ్చే రెండింటిని మాత్రం ప్రస్తావిస్తాను. 1966లో కోర్కొరన్ ఒక ఇంగ్లీషు వచనంలో ఇ అక్షరం కనిపించిన ప్రతిచోటా కొట్టివేయమని పాఠకులను కోరాడు. ఉచ్చారణలో పలకని ఇ అక్షరాలే ఎక్కువగా వారి కన్నుగప్పాయి. 1976లో ఆలిస్ హీలీ ఇటువంటి పరీక్షనే టి అక్షరంతో చేసింది. ఆ భాషలో అతి తరచుగా వచ్చే ‘ది’ అనే ఉపపదంలోని టి అక్షరాన్నే పాఠకులు ఎక్కువగా వదిలివేశారు. చెవికి వినబడనిది కంటికి ఆనదు, మరీ పరిచితమైనదాన్ని మనసు విప్పి చూడదు.

ఈ రెండు సూత్రాలను తెలుగు లిపి మీద పెట్టి చూస్తే మన ప్రతుల్లో ఏ అక్షరాలు ప్రమాదంలో ఉన్నాయో ముందుగానే ఊహించవచ్చు. అర్ధసున్నకు ఆధునికోచ్చారణలో ధ్వని లేదు. సాధురేఫ, శకటరేఫల భేదం మన నోట చాలాకాలం కిందటే మాసిపోయింది. మహాప్రాణాలు సామాన్యుల ఉచ్చారణలో అల్పప్రాణాలతో కలిసిపోతాయి. ఏఁడు సంవత్సరం, ఏడు సంఖ్య. ఏఱు నది, ఏరు అన్నది ఎంచి తీసే పని. వాఁడు సర్వనామం, వాడు క్రియ. ఈ భేదాలన్నిటినీ సందర్భం చూసి మనసు తనంతట తానే తేల్చుకొంటుంది గనుక, కన్ను వాటికోసం ఆగదు. ఆధునిక ముద్రణలు అర్ధసున్నను వదిలివేసినా పాఠకులు పెద్దగా ఇబ్బంది పడకపోవడానికి ఇదే కారణమనుకొంటాను. చదువుకు అడ్డురాని లోపం పరిష్కరణకు అడ్డురాకుండా ఉండదు.

ఇక థకార ధకారాల సంగతి. అర్థము, అర్ధము అనే రెండు మాటలకూ లిపిలో తేడా ఒక్క చుక్క. విద్యార్థిని ‘విద్యార్ధి’గా అచ్చువేసిన పుస్తకాలు, బోర్డులు, ఆహ్వానపత్రాలు లెక్కలేనన్ని. తెలుగు శాఖల ప్రకటనలూ దీనికి మినహాయింపు కావు. ప్రూఫు దిద్దేవారికి ఈ భేదం తెలియదనడం న్యాయం కాదు. చుక్కను చూడకముందే వారు పదాన్ని చదివేశారు.

పద్యానికి ఛందస్సు కాపలా ఉన్నది గదా అనవచ్చు. కొంతవరకు నిజమే. హ్రస్వం దీర్ఘమైనా, సంయుక్తాక్షరం విడిపోయినా గణం చెడి చెవికి తగులుతుంది. కాని ఆ కాపలా ఎక్కడ లేదో చూడాలి. ద ధ అయినా, ర ఱ అయినా, అర్ధసున్న రాలిపోయినా గురులఘువులు మారవు. యతిస్థానంలో తథదధలు వర్గయతి మూలంగా పరస్పరం మిత్రాలే. అక్కడా మార్పు పట్టుబడదు. మిగిలినది ప్రాస. ప్రాస ఒకే హల్లును కోరుతుంది గనుక శకటరేఫ విషయంలో అది గట్టి సాక్ష్యమే. ప్రాచీనుల ర–ఱ భేదాన్ని నిర్ణయించడానికి పండితులు ప్రాసస్థానాలనే వెదికారు. థ–ధల విషయంలో మాత్రం స్వవర్గజ ప్రాస పేరుతో లాక్షణికులే సడలింపు ఇచ్చారు. కంటికి ఒక్క చుక్క తేడాతో కనిపించే ఈ జంటను గణం కాపాడదు, యతి కాపాడదు, ప్రాస కూడా కాపాడదు. ఆటవెలది, తేటగీతి వంటి ప్రాసనియమం లేని పద్యాలలో కాపలా ఇంకా పలచన.

వేమన పద్యాల పాఠాలు ఒక ప్రతికీ మరొక ప్రతికీ అంతగా తేడాపడటానికి మౌఖికవ్యాప్తి ప్రధానకారణమన్న అభిప్రాయంతో నాకు పేచీ లేదు. ఆటవెలది స్వభావం కూడా అందుకు తోడ్పడిందని మాత్రం చేరుస్తాను. సూర్యగణం స్థానంలో మరొక సూర్యగణపు మాట, ఇంద్రగణం స్థానంలో మరొక ఇంద్రగణపు మాట ఇట్టే అమరిపోతాయి. అమరిన మాట పాతదానికంటె పరిచితమైనదైతే ఇక దాన్ని ఎవరూ ప్రశ్నించరు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ వైవిధ్యాన్ని ఎదుర్కొన్న తొలి పరిష్కర్తలలో ఒకడు. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్చి చూపించి, పాఠభేదాలు గుర్తింపజేసి, శుద్ధప్రతి వ్రాయించడం ఆయన పద్ధతి. నశించిపోనున్న ఎన్నో గ్రంథాలు ఆ పద్ధతి వల్లనే మనకు దక్కాయి.

ఆ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ప్రతులు పోల్చినవారు విద్వాంసులు. విద్వాంసుని కన్ను అందరికంటె వేగంగా పూరిస్తుంది, ఎందుకంటే పూరించడానికి అతనివద్ద సామగ్రి ఎక్కువ. అర్థం తెలియని లేఖకుడు చేసే తప్పు సాధారణంగా అర్థరహితంగా ఉండి, పట్టుబడుతుంది. అర్థం తెలిసినవాడు చేసే తప్పు అర్థవంతంగా, వ్యాకరణశుద్ధంగా, ఛందోబద్ధంగా ఉండి నిలిచిపోతుంది. అందువల్ల చక్కగా చదువుకొనిపోయే ప్రతి మంచి ప్రతి అనే మన అలవాటు నమ్మకం నాకు సందేహాస్పదంగా తోస్తుంది. గతుకులున్న ప్రతిలో మూలం ఎక్కువ మిగిలి ఉండవచ్చు.

పాశ్చాత్య పాఠవిమర్శ ఈ సంగతిని ప్రయోగశాలలకంటె ముందే గ్రహించింది. 1734లో గ్రీకు నూతన నిబంధనను పరిష్కరించిన బెంగెల్, సులభమైన పాఠంకంటె కఠినమైన పాఠానికే ప్రాధాన్యమివ్వాలన్న నియమాన్ని స్పష్టంగా చెప్పాడు. పూనాలో మహాభారత సంశోధిత ప్రతికి నాయకత్వం వహించిన సుఖ్‌తాంకర్ 1933 నాటి ఆదిపర్వ పీఠికలో ఇదే సూత్రాన్ని భారతీయ ప్రతులకు అన్వయించాడు. ఇటలీ పండితుడు సెబాస్తియానో తింపనారో 1974లో దీన్ని మరొక రంగానికి తీసుకొనిపోయాడు. నోరుజారడం, మరుపు, తప్పుచదువు వంటివాటికి ఫ్రాయిడ్ 1901లో అణగిన కోరికలను కారణంగా చూపాడు. వాటిలో చాలావాటికి అంత లోతైన రహస్యాలు అవసరం లేదని, లేఖకులకు సహజమైన సామాన్యీకరణ చాలునని తింపనారో వాదం. అపరిచితమైనది పరిచితంగా, విశేషమైనది మామూలుగా మారిపోవడమే సామాన్యీకరణ. ఆయన ఫ్లోరెన్సులో ప్రూఫులు దిద్దే వృత్తిలో గడిపినవాడు గనుక ఈ విషయంలో ఆయన మాటకు అదనపు బరువుంది.

సామాన్యీకరణకు మరొక పర్యవసానం కూడా ఉంది. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు లేఖకులు ఒకేచోట ఒకే సులభపదాన్ని వ్రాయవచ్చు. వారిద్దరి మనసులూ ఒకే భాషలో పెరిగాయి. కాబట్టి రెండు ప్రతులు ఒక సామాన్యపాఠంలో ఏకీభవించినంతమాత్రాన అవి ఒకే మాతృకకు పుట్టాయని చెప్పలేము. ఎక్కువ ప్రతుల్లో ఉన్నది మూలమనీ తీర్మానించలేము. మన కావ్యపీఠికల్లో ‘అధికప్రతుల పాఠము గ్రాహ్యము’ అన్న ధోరణి ఇప్పటికీ వినిపిస్తున్నందువల్ల ఈ మాట నొక్కి చెప్పవలసి వస్తున్నది.

పరిచయం వల్ల కలిగే ఈ అంధత్వానికి మందు కనిపెట్టిన సంప్రదాయం మన మధ్యనే ఉంది. వేదాధ్యయనంలో సంహితాపాఠం తరువాత పదం, క్రమం, జట, ఘన అనే క్రమంలో మంత్రపదాలను విడదీసి, ముందువెనుకలు చేసి వల్లిస్తారు. జటలోను ఘనలోను వాక్యార్థం సాగదు, సాగనివ్వరు. పదం తరువాత పదం అర్థబలంతో జారిపోకుండా ప్రతిదీ విడిగా నిలబడుతుంది. అర్థం తెలియకుండా వేదం చదివినవాడు బరువు మోసే మొద్దు వంటివాడని యాస్కుడు నిరుక్తంలో నిందించాడు. అర్థజ్ఞానం దృష్ట్యా ఆ నింద సరైనదే. అక్షరరక్షణ దృష్ట్యా మాత్రం ఆ మొద్దుకు మనం ఋణపడి ఉన్నాము. అచ్చుకూటాల్లో అనుభవజ్ఞులైన ప్రూఫురీడర్లు పంక్తిని చివరినుంచి మొదటికి చదవడంలోనూ, ఒకరు మూలాన్ని అక్షరమక్షరం పైకి చదువుతుండగా మరొకరు దిద్దడంలోనూ ఉన్నది ఇదే కిటుకు. అయితే పైకి చదివే పద్ధతి శకటరేఫను కాపాడలేదు. నోటిలో భేదం లేనప్పుడు చెవి ఏం చేస్తుంది?

ఇప్పుడీ ప్రశ్న తాళపత్రాలతో ఆగడం లేదు. పాత ముద్రణలను యంత్రాలచేత అక్షరీకరింపజేస్తున్నాము. అక్షరరూపం అస్పష్టంగా ఉన్నచోట, భాషలో ఏ పదం తరచుగా వస్తుందో దాన్నిబట్టి నిర్ణయించే ఏర్పాటు ఈ యంత్రాలలో ఉంటే, పిల్స్‌బరీ పాఠకులు చేసిన పనినే అవి అలసట లేకుండా, పుటలకు పుటలు చేసుకొనిపోతాయి. ‘ఏఱు’ అన్న మాట ‘ఏరు’గా మారిన పాఠంలో శకటరేఫతో వెదికే పరిశోధకునికి ఆ ప్రయోగం దొరకదు. దొరకని ప్రయోగం ఆధారంగా ఆ పదం ఫలానా కవి కాలానికి లేదని వ్రాసే ప్రమాదమూ ఉంది. ఇకపై వెలువడే పరిష్కృత ప్రతుల్లోనైనా శకటరేఫ, అర్ధసున్న, థ–ధ స్థానాలను తక్కిన పాఠభేదాలతో కలపకుండా వేరే పట్టికగా ఇవ్వాలి. ఆ పట్టికను అర్థం చదివినవారు కాక మరొకరు, పద్యాన్ని చివరి పాదం నుంచి మొదలుపెట్టి, మూలప్రతితో సరిచూడాలి.