సేత్వారు నుంచి సర్వరు దాకా: నల్లగొండ, పాలమూరు భూమి లెక్కలు తిరిగి నిలిచిన తీరు

నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల భూమి లెక్కలు గడిచిన నూరేళ్ల పైచిలుకు కాలంలో కాలిపోయాయి, దిద్దుబాట్లకు గురయ్యాయి, జిల్లా సరిహద్దులు మారినప్పుడల్లా ఒక కచేరీ నుంచి మరొక కచేరీకి తరలాయి. అలా చెదిరిన ప్రతిసారీ ఎక్కడో మిగిలిన పాత ప్రతిని ఆధారం చేసుకొని వాటిని తిరిగి నిలబెట్టుకోవలసి వచ్చింది. ముందుజాగ్రత్తగా దాచిన నకలును కంప్యూటరు పరిభాషలో బ్యాకప్ అని, పోయిన దస్త్రాన్ని ఆ నకలు నుంచి రాబట్టడాన్ని రిస్టోర్ అని అంటున్నారు. ఈ రెండు జిల్లాల రెవెన్యూ చరిత్రను ఆ దృష్టితో చదివితే, నకలు దొరికినంత మాత్రాన లెక్క నిలబడదనీ, ఏది మూలమో, దాని మీద ఏ మార్పు ఏ క్రమంలో వచ్చిందో తెలిసి, చివరకు అది నేల మీది వాస్తవంతో సరిపోయినప్పుడే నిలబడుతుందనీ తేటపడుతుంది.

మూల ప్రతి తయారైన కథ నిజాం రాజ్యంలో 1853లో దివాను పదవి చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో మొదలవుతుంది. 1865 నాటి జిల్లాబందీతో జిల్లాలు, తాలూకాలు ఏర్పడి, పన్ను వసూలు గుత్తేదార్ల చేతి నుంచి జీతగాళ్లయిన అధికారుల చేతికి మారిన తరువాత, పొరుగున ఉన్న బొంబాయి ప్రెసిడెన్సీ పద్ధతిని అనుసరించి భూముల సర్వే 1870వ దశకంలో ప్రారంభమై క్రమంగా తెలంగాణ జిల్లాలకు విస్తరించింది. కొలతకు వాడిన గొలుసు పొడవు 33 అడుగులు, దాని భాగాలు 16 అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరమే ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు, అటువంటి 40 గుంటలు ఒక ఎకరం. ప్రతి సర్వే నంబరు హద్దులను గొలుసు కొలతలతో చూపే చిత్తు పటాన్ని టిప్పన్ అని, ఆ కొలతల మీద తేలిన విస్తీర్ణాన్ని, శిస్తును, పట్టాదారు పేరును నంబరు వారీగా ఎక్కించిన మొదటి దస్తావేజును సేత్వారు అని అన్నారు. పటమూ పట్టికా ఒకదానినొకటి సరిచూసేవిగా ఉండటం ఈ ఏర్పాటులోని గొప్ప బలం: పట్టికలోని అంకె చెరిగిపోయినా టిప్పన్‌లోని కొలతలతో దాన్ని మళ్లీ లెక్కకట్టవచ్చు, పొలంలో హద్దురాయి కదిలినా అదే టిప్పన్ పట్టుకొని గొలుసు వేసి తిరిగి నాటవచ్చు.

సేత్వారు ఒకసారి రాసి మూసిన పుస్తకం కాగా, ఊళ్లో భూమి ప్రతి ఏటా చేతులు మారుతూనే ఉంటుంది. అందుకే ఆ మార్పులను పట్టుకునే దస్త్రాలు దానికి తోడుగా నడిచాయి. ఏ నంబరులో ఎవరు సాగులో ఉన్నారో, ఏ పంట వేశారో పట్వారీ పొలం తిరిగి రాసేది పహాణీ. ఏడాదిలో మంజూరైన పట్టా మార్పులను, శిస్తు హెచ్చుతగ్గులను చేర్చేది ఫైసల్ పట్టీ. పైఅధికారులు ఊరి లెక్కలను ఏటా తనిఖీ చేసి ఖాయపరచే తతంగం జమాబందీ. 1317 ఫసలీలో వచ్చిన హైదరాబాద్ భూమి శిస్తు చట్టం ఈ వ్యవస్థకు చట్టబద్ధమైన ఆధారమైంది. ఫసలీ అంటే పంటల లెక్కన సాగే రెవెన్యూ సంవత్సరం, ఆ అంకెకు 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. అయితే ఇదంతా దివానీ గ్రామాల సంగతి, అంటే ప్రభుత్వమే నేరుగా శిస్తు వసూలు చేసిన ఊళ్ల సంగతి. జాగీర్లలోనూ, పాలమూరు వైపు గద్వాల, వనపర్తి, జటప్రోలు వంటి సంస్థానాలలోనూ లెక్కలు వేరుగా నడిచేవి.

ఈ ఏర్పాటులోని లోపం దాని రాతలో కన్నా అది ఉన్న చేతుల్లో ఉంది. ఊరిలోని లెక్క పట్వారీ ఇంట్లో ఉండేది; అది ఉర్దూ తెలియని, అక్షరమే రాని రైతుకు అందనిది; దొరకూ పట్వారీకీ పొత్తు కుదిరిన ఊళ్లలో తరతరాలుగా దున్నుతున్నవాని పేరు పహాణీకి ఎక్కకుండానే పోయింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా గుండెకాయగా నిలిచినప్పుడు, అప్పట్లో ఆ జిల్లాలో భాగమైన జనగామ తాలూకా కడవెండిలో 1946 జులై 4న పోరాట కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత, వెట్టికీ భూముల దోపిడికీ ఎదురు తిరిగిన జనం ప్రామిసరీ నోట్లను, లెక్కల కాగితాలను తగలబెట్టిన ఘటనలు జరిగాయి. ఆ కాగితాలు వారి అప్పుకూ వారి భూమి పోవడానికీ సాక్ష్యాలుగా నిలిచాయి కనుక ఆ మంటను తెలియనితనమని కొట్టివేయడం అన్యాయం. ప్రజల చేతికి అందని లెక్కను ప్రజలు తమదిగా కాపాడుకోరన్న సత్యాన్ని అది చరిత్రకు ఎక్కించింది.

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యాన్ని భారతదేశంలో కలిపిన పోలీసు చర్య ముగిశాక ప్రభుత్వం ముందున్న పని పోయిన లెక్కలను ఉన్నవి ఉన్నట్టు తిరిగి రాయడంతో తీరేది కాదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించింది. ఈ స్థితిలో పాత ప్రతిని యథాతథంగా నిలబెడితే పాత అన్యాయమే చట్టరూపం దాల్చి తిరిగి వచ్చేది. అందువల్ల 1358 ఫసలీ నాటి భూమి హక్కుల నమోదు నిబంధన కింద 1954-55లో ఊరూరా ఖాస్రా పహాణీ తయారైంది. ప్రతి సర్వే నంబరుకూ విస్తీర్ణాన్ని, పట్టాదారును, కబ్జాలో ఉన్నవానిని వేర్వేరు గడుల్లో రాసిన ఈ దస్తావేజు పాత కొలతను నిలుపుతూనే కొత్త అనుభవదారును గుర్తించింది. దాని వెంట వచ్చిన మూడేళ్ల లెక్క చేసాల పహాణీ. హక్కు తగాదా వచ్చినప్పుడు కోర్టులోనైనా తహసీల్ కచేరీలోనైనా నేటికీ ముందుగా అడిగేది ఖాస్రాలో ఎవరి పేరుందన్నదే.

ఆ తరువాతి కుదుపులు పరిపాలనాపరమైనవి. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో గద్వాల, ఆలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లా నుంచి, కొడంగల్ గుల్బర్గా జిల్లా నుంచి మహబూబ్‌నగర్‌లో కలిశాయి. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దు కావడంతో వంశపారంపర్యంగా ఇళ్లలో ఉన్న లెక్కలు ప్రభుత్వోద్యోగుల చేతికి రావలసి వచ్చింది. 2016 అక్టోబరులో పాత నల్లగొండ మూడు జిల్లాలుగా, పాత మహబూబ్‌నగర్ నాలుగు ప్రధాన జిల్లాలుగా విడిపోయి, 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది.

ఇదే కాలంలో దస్త్రం కాగితాన్ని వదిలి కంప్యూటరులోకి ప్రవేశించింది. భూరికార్డుల కంప్యూటరీకరణకు కేంద్ర ప్రభుత్వం 1988-89లో దేశంలో ఎనిమిది జిల్లాలను ప్రయోగాత్మకంగా ఎంచుకున్నప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైనది ఈ రెండు జిల్లాలకు పొరుగునే ఉన్న రంగారెడ్డి. కంప్యూటరు రంగంలో అప్పటికే నకళ్ల శాస్త్రం ఒకటి రూపుదిద్దుకుంది. 1970వ దశకంలో యునిక్స్ వ్యవస్థతో వాడుకలోకి వచ్చిన డంప్, రిస్టోర్ అనే జంట ఉపకరణాల్లో మొదటిది నకలు తీస్తుంది, రెండవది దాని నుంచి దస్త్రాలను తిరిగి రాబడుతుంది. సున్నా స్థాయి నకలంటే సమస్తం ఉన్న పూర్తి ప్రతి, ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉన్న స్థాయిలంటే తమకన్నా తక్కువ స్థాయిలో చివరగా తీసిన నకలు తరువాత మారినవాటిని మాత్రమే పట్టే ప్రతులు. తిరిగి రాబట్టేటప్పుడు మొదట సున్నా స్థాయిని పరచి, ఆపై మార్పుల ప్రతులను వరుస తప్పకుండా చేర్చాలి, ఒక్కటి తప్పినా ఫలితం నమ్మదగినది కాదు. వచ్చిన దస్త్రం అసలుతో సమానమేనా అని తేల్చడానికి ఆ తరువాతి ఉపకరణాలు చెక్‌సమ్‌ను, అంటే దస్త్రంలోని అక్షరాలన్నిటి నుంచి గణించిన సరిచూపు అంకెను వాడుతున్నాయి.

రెవెన్యూ దస్త్రాల పునరుద్ధరణ సరిగ్గా ఈ సూత్రాల మీదే నడుస్తుంది. ఉదాహరణకు ఒక సర్వే నంబరు విస్తీర్ణం సేత్వారులో 6 ఎకరాల 20 గుంటలని ఉండి, నేటి లెక్కలో దాని బై నంబర్లు, అంటే ఆ నంబరును పంచుకున్న భాగాలు, 3 ఎకరాల 10 గుంటలు, 2 ఎకరాల 30 గుంటలు, 1 ఎకరం 5 గుంటలు అని ఉంటే మొత్తం 7 ఎకరాల 5 గుంటలవుతుంది. నేల పెరగదు కనుక ఆ 25 గుంటలు ఎక్కడో రాతలో పుట్టినవే. వాటిని పట్టుకోవాలంటే సేత్వారు తెరిచి, ఖాస్రా చూసి, చేసాల దాటి, ఏటేటి పహాణీని ఫైసల్ పట్టీతో పోల్చుకుంటూ రావాలి; మంజూరు కాగితం లేకుండా అంకె మారిన ఏడాది దగ్గర తప్పు దొరుకుతుంది. అయితే కాగితాల వరుసలో అసలే లేని మార్పులూ ఉన్నాయి: తెల్లకాగితం మీద రాసుకొని రిజిస్టరు చేయించని సాదాబైనామా కొనుగోళ్లు పహాణీని దాటి నడిచాయి. అటువంటి చోట చదువుకోవలసిన దస్త్రం ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యం, పొలం గట్టు మాత్రమే.

2017 సెప్టెంబరులో ప్రారంభమైన భూరికార్డుల నవీకరణ, 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ ఈ పనిని రాష్ట్రమంతటా ఒక్కసారిగా చేపట్టాయి. తగాదా లేని ఖాతాలు పాస్‌పుస్తకాలుగా మారాయి. తేలనివి పార్ట్-బి పేరిట పక్కకు పోయాయి. కొన్ని నంబర్లు తెర మీద కనిపించకుండా పోయి, మిస్సింగ్ సర్వే నంబర్లు అన్న మాట ఊళ్లలో నిత్యవ్యవహారమైంది. 2020లోనే గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దు కావడంతో, ఊరి మార్పులను ఊళ్లోనే ఎరిగిన ఉద్యోగి లేకుండా పోయాడు. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతికి ప్రయోగాత్మకంగా ఎంపికైన నాలుగు మండలాల్లో పాత పాలమూరులోని మద్దూరు ఒకటి. అక్కడ అధికారులు ఊళ్లకు వచ్చి రెవెన్యూ సదస్సుల్లో దరఖాస్తులు తీసుకోవడం, పట్టికను మళ్లీ పొలం దగ్గరకు తీసుకుపోవలసిన అవసరాన్ని ఒప్పుకోవడమే.

ఈ చరిత్ర నుంచి తీసుకోవలసిన కర్తవ్యాలు స్పష్టంగానే ఉన్నాయి. సేత్వారు, టిప్పన్, ఖాస్రా, చేసాలల ప్రతులను పూర్తిగా చిత్రించి, తెలుగు లిపిలోకి మార్చి, ఒకే సర్వరులో కాక వేర్వేరు చోట్ల భద్రపరచడం ప్రభుత్వం చేయవలసిన పని. ప్రతి మార్పును దాని మంజూరు కాగితంతో సహా తేదీ వారీగా నిలపడం, ఎవరు ఎప్పుడు దిద్దారో చెరపలేని విధంగా రాయించడం ఉపకరణాన్ని తయారుచేసేవారి బాధ్యత. వీటన్నిటికన్నా ముఖ్యంగా, ఏటా ఒకసారి ఊరి లెక్కను ఊరి నడుమ బిగ్గరగా చదివి, వలస వెళ్లిన కుటుంబాలకు కూడా ముందుగా కబురు చేసి, అభ్యంతరాలు విని ఖాయపరచే పద్ధతి రావాలి. 1946లో లెక్కలకు నిప్పు పెట్టినవారి మనవలూ మునిమనవలూ ఇవాళ అవే లెక్కల్లో తమ పేరు కోసం వెతుకుతున్నారు. ఆ పేరును వారు స్వయంగా చదివి సరిచూసుకోగలిగిన నాడే ఈ లెక్కలకు నిజమైన కావలి దొరుకుతుంది.