పోరుమామిళ్ల శాసనం చెప్పే పని వరుస

కమలాపురం దగ్గర పాపాఘ్ని వచ్చి పెన్నలో కలుస్తుంది. రెండు ఏళ్లు కలిసే చోటు గదా, చేలన్నీ పచ్చగా ఉంటాయనుకుంటాం. ఏడాదిలో ఎక్కువ కాలం కనిపించేది ఇసుకే. ఈ సీమలో యానాది, ఎరుకల, సుగాలి కుటుంబాలకు మెట్ట నేల చేతికొస్తే, తొందరపడి ముందు మొక్కలు నాటుతాం, లేదా అప్పు చేసి బోరు వేస్తాం. మొక్క ఎండుతుంది, అప్పు మిగులుతుంది. లోపం మన కష్టంలో లేదు, పని వరుసలో ఉంది.

ఆ వరుస గురించి ఆలోచించినవాళ్లు ఈ కడప సీమలోనే ఉన్నారు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు పోరుమామిళ్లలో చెరువు కట్టించి, 1369లో శాసనం వేయించాడు. రోజుకు 1000 మంది కూలీలు, రాళ్లు తోలడానికి 100 బండ్లు పనిచేస్తే రెండేళ్లు పట్టిందట.

మంచి చెరువుకు 12 అంగాలు కావాలని, 6 దోషాలు ఉండకూడదని ఆ శాసనం చెబుతుంది. గట్టి బంకనేల, తీపినీటి ఏరు, కట్టకు ఆనుకునే కొండ, లోతైన గర్భం, దగ్గరలో రాతిగని, కింద సాగుకు చదునైన పొలం: ఇలా చాలావరకు పార పట్టకముందు చూసుకోవలసినవే. చివరి అంగం పనితెలిసిన మనుషులు. దోషాల్లో చవుడు నేల ఉంది, కట్ట ఊట ఉంది, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం ఉంది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటమూ దోషమే.

ఈ చివరి మాట మనకు ముఖ్యం. హద్దు తేలని నేలలో కట్టిన గట్టు రేపు ఎవరిదవుతుందో తెలియదు. కాబట్టి మొదట సర్వే, హద్దురాళ్లు. తర్వాత ఒక వానాకాలమంతా నీరు ఎటు పారుతోందో, ఎక్కడ కోస్తోందో చూడటం. ఆపైన వాలుకు అడ్డంగా గట్లు, పల్లంలో కుంట, దారి. చెట్లు ఆ తర్వాతే.

ఆస్ట్రేలియా రైతు యోమన్స్ 1950ల్లో చెప్పిన వరుసలోనూ వాతావరణం, నేల తీరు, నీరు, దారులు అయ్యాకే చెట్లు వస్తాయి. ఇళ్లు, కంచెలు ఇంకా తర్వాత. కంచె వేరు, హద్దు వేరు. కంచె ఆగుతుంది, హద్దు ఆగదు.

మట్టిపని మనకు కొత్త కాదు. ఇన్నాళ్లూ వరుస ఇంకొకరు చెబితే తట్ట మోశాం. మన నేలలో ఆ వరుస మనమే వేసుకోవాలి.