ఊపిరికి కొలత

1952 డిసెంబరులో లండను నగరమును క్రమ్ముకొనిన బొగ్గుపొగమంచు కొలది దినములలోనే వేలకొలది ప్రాణములను బలిగొనగా, అంతవరకు శీతకాలపు దగ్గుగా ఎంచబడుచు వచ్చిన దీర్ఘకాలిక శ్వాసనాళవ్యాధిపై వైద్యుల దృష్టి తీవ్రముగా ప్రసరించెను. ఊపిరిని కొలుచు యంత్రము మాత్రము అప్పటికే శతాబ్దము నాటిది. జాన్ హచిన్సన్ అను శస్త్రవైద్యుడు రెండువేలకు పైబడిన జనులచేత దానిలోనికి ఊదించి, ఆ కొలతలను 1846లో ప్రకటించెను.

కఫమును, దానివెంట మాటిమాటికి సోకు అంటును శ్వాసమార్గములను క్రమముగా మూసివేయునని ఆంగ్లవైద్యులలో పలువురు విశ్వసించుచుండిన కాలమున, చార్లెస్ ఫ్లెచర్ అను వైద్యుడు తన సహచరులతో 1961లో ఆ విశ్వాసమును పరీక్షింపబూనెను. పశ్చిమ లండనులో ఉద్యోగములు చేసికొనుచున్న 792 మంది పురుషులను పరిశీలించుచు, ఆరేసి మాసములకొకసారి, ఎనిమిదేండ్లపాటు, బలముగా ఊదిన మొదటి సెకనులో వెలువడు గాలిని కొలిచిరి. ఇంతటి విసుగుపుట్టించు శ్రమకు ఓర్చుటయే నా దృష్టిలో వారి ఘనత. రిచర్డ్ పీటో గణితసహాయమున 1976లో వెలువడిన గ్రంథము, కఫమువలన శ్వాసావరోధము కలుగుటలేదనియు, పొగత్రాగువారిలో కొందరికి మాత్రమే ఊపిరి వడిగా క్షీణించుననియు, ఆ యలవాటు మానినచో పోయినది తిరిగిరాకున్నను క్షీణవేగము తగ్గుననియు తేల్చెను. స్త్రీలను ఒక్కరినైనను చేర్చకపోవుట మాత్రము ఆ పరిశోధనకు పెద్దలోపమే.