లివర్‌పూల్‌లో ఆ పేపరు ఎందుకు కొనరు?

ఆన్‌సైట్‌కి వెళ్ళిన కొత్తలో సంగతి. 2007 అనుకుంటా, మాంచెస్టర్‌లో ఉండేవాణ్ణి. క్లయింటు వైపు టెస్టింగ్ చూసే ఒకాయన లివర్‌పూల్ వాడు. "శనివారం మా ఊరు రా, చూపిస్తా" అన్నాడు. సరేనని రైలెక్కాను. ఎదురు సీట్లో ఎవరో వదిలేసిన పేపరు కనిపిస్తే తీసుకున్నాను. రైల్లో పక్కవాడి పేపరు చదవడం మనకి జన్మహక్కు కదా :) వెనక పేజీలన్నీ ఫుట్‌బాలే. అప్పుడప్పుడే ఆ ఆట పిచ్చి పడుతున్న రోజులు, ముక్క వదలకుండా చదివాను.

లైమ్ స్ట్రీట్ స్టేషన్లో దిగేసరికి ఆ పేపరు నా చంకలో ఉంది. నవ్వుతూ ఎదురొస్తున్న మనిషి కాస్తా నా చంకలోకి చూసి ఆగిపోయాడు. "అది ఇక్కడ వద్దు" అన్నాడు, అంతే. మూడో పేజీ బొమ్మ పైకి కనిపిస్తోందేమోనని కంగారుగా తిప్పి చూసుకున్నాను. అది కాదు. ఆయన నా చేతిలోంచి పేపరు తీసుకుని, మడిచి, చెత్తబుట్టలో వేసి, అప్పుడు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ పేపరు పేరు ‘ద సన్’. అప్పట్లో ఇంగ్లండులో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయే దినపత్రిక అదే. ఆ ఊళ్ళో మాత్రం చాలా కొట్లలో అసలు దొరకదు.

అభిమానులకీ విలేకరులకీ పడకపోవడం ఎక్కడైనా ఉన్నదే. మనకి క్రికెట్టు ఉంది, చెప్పక్కర్లేదు. మన జట్టుని తిట్టినవాడు అమ్ముడుపోయినట్టు, పొగిడినవాడు నిజాయితీపరుడు! ఇదీ అలాంటి గొడవే అనుకున్నాను. ఆ రోజు సాయంత్రం ఆయన చెప్పినవి, తర్వాత నేను చదువుకున్నవి కలిపి రాస్తున్నాను.

1989 ఏప్రిల్ 15, శనివారం. ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్, లివర్‌పూల్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ. తటస్థ మైదానం అని షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో పెట్టారు. లివర్‌పూల్ వాళ్ళకి ఇచ్చింది లెప్పింగ్స్ లేన్ వైపు. అక్కడ నిలబడి చూసే టికెట్లు పదివేల నూరు. వాళ్ళందరికీ లోపలికెళ్ళే తిరుగుడు గేట్లు ఏడు. అవును, ఏడే. భాగహారం మీరే చేసుకోండి. మ్యాచ్ మూడింటికి. రెండున్నరకల్లా బయట జనం ఇరుక్కుపోయారు. 2:52కి పోలీసులు ‘సి’ అనే పెద్ద గేటు తెరిపించారు. రెండు వేల మంది దాకా లోపలికి వచ్చారు. ఎదురుగా ఒక సొరంగం లాంటి దారి, అది తిన్నగా నడిమి రెండు గదుల్లోకి పోతుంది (గదులంటే కంచెలతో వేరుచేసిన స్థలాలు). అవి అప్పటికే నిండిపోయాయి. పక్క గదుల్లో చోటుంది. అంతకు ముందు ఇలా నిండినప్పుడు ఆ దారికి అడ్డంగా పోలీసులు నిలబడి జనాన్ని పక్కలకి మళ్ళించేవారు. ఆ రోజు ఆ పని ఎవరూ చేయలేదు. బందోబస్తు చూస్తున్న డకెన్‌ఫీల్డ్ అనే అధికారి ఆ పదవిలోకి వచ్చి మూడు వారాలు కూడా కాలేదు.

ముందు ఇనుప కంచె, వెనక నుంచి తోపు. 3:06కి ఆట ఆపారు. మొత్తం 97 మంది పోయారు. చాలామంది ఆ రోజే. ఒకాయన నాలుగేళ్ళు స్పృహ లేకుండా ఉండి 1993లో, మరొకాయన ముప్పై రెండేళ్ళు మంచాన పడి ఉండి 2021లో. అందరికంటే చిన్నవాడికి పదేళ్ళు. మనకి బాగా తెలిసిన స్టీవెన్ గెరార్డ్‌కి కజిన్ అయ్యే బంధువు.

ఇక్కడో మాట. మన పేపర్లలో ఇలాంటివన్నీ ‘తొక్కిసలాట’లే. రాజమండ్రి పుష్కరాల్లో జనం పోయినప్పుడూ అదే మాట. ఆ మాటలోనే నేరం జనం మీద పడిపోతుంది, ఒకళ్ళనొకళ్ళు తొక్కుకున్నారట! హిల్స్‌బరోలో ఎవరూ ఎవర్నీ తొక్కలేదు. నిలబడి ఉన్నవాళ్ళు నిలబడినట్టే, గుండె మీద బరువుకి ఊపిరి తీసుకోలేక పోయారు. దానికి తెలుగులో ఒక్క ముక్కలో సరైన మాట నాకు దొరకలేదు.

అబద్ధం ఎంత త్వరగా పుట్టిందో చూడండి. మూడుంపావుకి, ఇంకా మైదానంలో మనుషులు పోతుండగానే, డకెన్‌ఫీల్డ్ ఫుట్‌బాల్ సంఘం పెద్దకి "అభిమానులు గేటు విరగ్గొట్టి చొరబడ్డారు" అని చెప్పాడు. తెరిపించింది తనే. ఆయన ఆ మాట నమ్మి టీవీ వాళ్ళకి చెప్పాడు, సాయంత్రానికి ప్రపంచమంతా అదే వార్త. మన భాషలో చెప్పాలంటే, సర్వర్ ఇంకా కాలుతుండగానే ‘యూజర్ ఎర్రర్’ అని రాసి టికెట్ క్లోజ్ చేసేశారన్నమాట.

నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 19న, ‘సన్’ మొదటి పేజీ నిండా రెండే మాటలు అచ్చేసింది: ‘ద ట్రూత్’. ‘నిజం’ అని. దాని కింద మూడు అంశాలు. అభిమానుల్లో కొందరు బాధితుల జేబులు కొట్టేశారట. కొందరు పోలీసుల మీద ఉచ్చ పోశారట. ఒకడికి ఊపిరి ఊదుతున్న కానిస్టేబుల్ని కొందరు కొట్టారట. ఇవన్నీ షెఫీల్డ్‌లోని ఒక చిన్న వార్తా సంస్థ పంపిన కథలు. వాళ్ళకి చెప్పింది కొందరు పోలీసు అధికారులు, ఇర్విన్ పాట్నిక్ అనే స్థానిక ఎంపీ. ఆ ఎంపీకి చెప్పిందీ పోలీసులే. అంటే లెక్కకి ఇద్దరు ముగ్గురు సాక్షులు, తీరా చూస్తే అందరిదీ ఒకటే డేటా సోర్సు.

ఆ కథల్ని ఇంకా కొన్ని పేపర్లు కూడా వేశాయి, ‘సన్’ ఒక్కటే కాదు. కానీ మిగతావి ఆరోపణలుగా వేశాయి. ‘సన్’ సంపాదకుడు కెల్విన్ మెకంజీ మాత్రం దాని నెత్తిన ‘నిజం’ అని పెట్టాడు.

నన్ను అన్నిటికంటే వేధించేది ఏంటంటే, ఇది ఎక్కడో అడవిలో జరిగిన విషయం కాదు. పెద్ద మ్యాచ్. ప్రెస్ బాక్సు నిండా స్పోర్ట్స్ రిపోర్టర్లు ఉన్నారు, టీవీ కెమెరాలున్నాయి. అభిమానులు ప్రకటనల బోర్డులు పీకి, వాటినే స్ట్రెచర్లు చేసుకుని మనుషుల్ని మోసుకెళ్ళడం అందరూ కళ్ళారా చూశారు. కానీ ఆ మొదటి పేజీని తయారు చేసింది మైదానంలో ఉన్నవాళ్ళు కాదు, లండన్ డెస్కులో కూర్చున్నవాళ్ళు.

మరి జనం ఎలా నమ్మారు? దానికి ముందు కథ ఉంది. 1985లో బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు అవతలి వాళ్ళ మీదికి ఎగబడితే గోడ కూలి 39 మంది పోయారు, ఎక్కువమంది ఇటలీ వాళ్ళు. అది నిజంగా వీళ్ళ తప్పే. అదే ఏడాది ‘సండే టైమ్స్’ (‘సన్’ యజమాని మర్డోక్‌దే అది కూడా) ఫుట్‌బాల్‌ని మురికివాడల జనం చూసే మురికివాడల ఆట అని తేల్చేసింది. కాబట్టి 1989 నాటికి డీఫాల్ట్ వాల్యూ సెట్ అయి ఉంది: స్టేడియంలో ఎవరైనా చస్తే చంపింది అభిమానులే.

అదే ఏడాది ఆగస్టులో జడ్జి టేలర్ మధ్యంతర నివేదిక ఇచ్చాడు. ప్రధాన కారణం పోలీసుల అదుపు తప్పడమే అన్నాడు. ఆ ఉచ్చ కథలకీ జేబుల కథలకీ ఒక్క సాక్షి కూడా ముందుకు రాలేదనీ, అవి ప్రచారం చేసినవాళ్ళు నోరు మూసుకుని ఉండాల్సిందనీ రాశాడు. కథ అక్కడితో అయిపోవాలి. కానీ 1991లో కరోనర్ విచారణ ‘ప్రమాదవశాత్తు మరణం’ అంది. అబద్ధం మొదటి పేజీలో, నిజం నివేదికలో. ఎవరు ఏది చదువుతారో మనకి తెలియనిదా.

కోర్టుల వల్ల కాని పని ఊరు చేసింది. ఎవరూ పిలుపివ్వకముందే మానేశారు. కిర్క్‌బీలో ఆ పేపరు కట్టలు టీవీ కెమెరాల ముందే తగలబెట్టారు. కొట్లవాళ్ళు బల్ల కింద దాచి అమ్మారు, తర్వాత తెప్పించడమే మానుకున్నారు. చిత్రం ఏంటంటే, జన్మవైరం ఉన్న ఎవర్టన్ అభిమానులు కూడా కలిశారు. చాలా ఇళ్ళల్లో అన్న ఎరుపు, తమ్ముడు నీలం మరి.

సొంతవాళ్ళని కూడా వదల్లేదు. 1992లో లివర్‌పూల్ మేనేజర్ గ్రేమ్ సూనెస్ గుండె ఆపరేషన్ తర్వాత తన కథ ఆ పేపరుకి అమ్ముకున్నాడు. సరిగ్గా ఏప్రిల్ 15న, మూడో వర్ధంతి రోజున, ఆస్పత్రిలో ప్రియురాలితో ఉన్న ఫొటోతో సహా అచ్చయింది. క్లబ్బుకి అంత ఆడినవాడు, అయినా ఊరు ఈ రోజుకీ ఆయన్ని పూర్తిగా క్షమించలేదు. 2004లో ఎవర్టన్ కుర్రాడు వేన్ రూనీ ఆ పేపరుకి ఇంటర్వ్యూ ఇస్తే మళ్ళీ గొడవ. అప్పుడు ‘సన్’ నిండు పేజీ క్షమాపణ రాసింది, తన చరిత్రలో అంతకన్నా ఘోరమైన తప్పు లేదంది. ఊరు కరగలేదు. పదిహేనేళ్ళ తర్వాత, అదీ రూనీ మీద వ్యాపారం దెబ్బతింటుందనగా వచ్చిన క్షమాపణని నేనైతే నమ్మను. మెకంజీ సంగతి సరేసరి. 1993లో పార్లమెంటు కమిటీ ముందు విచారం వ్యక్తం చేశాడు, ఎంపీ మాట నమ్మడమే తన తప్పన్నాడు. 2006లో ఒక ప్రైవేటు విందులో అప్పుడూ బాధ పడలేదు, ఇప్పుడూ పడనని అన్నట్టు పేపర్లలో వచ్చింది. 2012లో మళ్ళీ క్షమాపణ. ఇన్ని వెర్షన్లు మన ప్రాజెక్టుల్లో కూడా ఉండవు.

2012 సెప్టెంబర్ 12న స్వతంత్ర కమిటీ నివేదిక వచ్చింది. పోలీసుల వాంగ్మూలాల్లో 164 గణనీయంగా మార్చారట. అందులో 116 చోట్ల పోలీసుల మీద విమర్శ ఉన్న వాక్యాలు తీసేశారట. అంటే లాగ్ ఫైళ్ళే ఎడిట్ చేశారు. ఇది చదివినప్పుడు నాకు పాత విషయం ఒకటి గుర్తొచ్చి సిగ్గేసింది. ఒకసారి రాత్రి రిలీజు బోల్తా కొడితే, కారణాల డాక్యుమెంటులో ‘యూజర్లు పదే పదే రిఫ్రెష్ కొట్టడం వల్ల’ అని రాసింది నేనే. పైవాళ్ళు అడిగారు, రాశాను. యూజర్లని ఒక్క మాట అడగలేదు. అక్కడ ఎవరూ చావలేదు కాబట్టి సరిపోయింది.

2017 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్బు ‘సన్’ విలేకరులని తమ మైదానంలోకి రానివ్వమంది. రెండు నెలల తర్వాత, ఎవర్టన్ ఆటగాడు రాస్ బార్క్‌లీని మెకంజీ గొరిల్లాతో పోల్చి రాస్తే ఎవర్టన్ కూడా గేటు మూసేసింది. అప్పుడు నాకో సందేహం. 1989లో స్కూల్లో ఉన్న స్పోర్ట్స్ రిపోర్టరు 2017లో ఏం పాపం చేశాడని? వాడు మొదటి పేజీ రాయలేదు, వాడికి ఆ సంపాదకుడెవరో కూడా తెలియదు. క్లబ్బు తనకి నచ్చని పేపర్లని బయట పెట్టడం అలవాటైతే రేపు నిజం రాసేవాణ్ణి కూడా బయటే పెడుతుంది. ఈ భయం నాకు ఇప్పటికీ పోలేదు. కానీ ఆ నగరం అడిగేది వేరే ప్రశ్న: ఆ అబద్ధం మీద అమ్ముకున్న పేపరు పేరు మార్చుకోలేదు కదా, జీతం ఇచ్చేది అదే సంస్థ కదా?

ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే విలేకరులందరినీ ఒకే గాటన కట్టినట్టు అవుతుంది. తుప్పు పట్టిన ఈ కేసుని మళ్ళీ కదిలించినవాళ్ళలో ఒకడు స్పోర్ట్స్ పేజీ విలేకరే. ‘గార్డియన్’లో డేవిడ్ కాన్. 2009లో ఇరవయ్యో వర్ధంతికి ముందు, వాంగ్మూలాలు దిద్దిన సంగతి గురించి కుటుంబాలవాళ్ళతో మాట్లాడి వివరంగా రాశాడు. అది చదివి మంత్రులు ఆండీ బర్న్‌హామ్, మరియా ఈగిల్ కాగితాలన్నీ బయట పెట్టాలన్నారు. ఆ వర్ధంతి రోజు ఆన్‌ఫీల్డ్‌లో మాట్లాడుతున్న బర్న్‌హామ్‌ని జనం ‘97’ కాదు, అప్పటి లెక్క ప్రకారం ‘96 మందికి న్యాయం’ అని అరిచి ఆపేశారు. 2012 నివేదిక అలా పుట్టింది. 1989లో ఏ పేపరైనా చేయగలిగిన పనే ఆయన చేశాడు. అక్కడున్నవాళ్ళని అడిగాడు.

మన డేటా జనాలకి ఒక కొసరు: ఫ్లోరియన్ ఫూస్, డేనియల్ బిషోఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ బహిష్కరణని సహజమైన ప్రయోగంగా తీసుకుని లెక్కలు కట్టారు. యూరప్ మీద ఏళ్ళ తరబడి దుమ్మెత్తిపోసిన ‘సన్’ని చదవడం మానేసిన మెర్సీసైడ్‌లో, యూరప్ వ్యతిరేకత మిగతా చోట్లతో పోలిస్తే తగ్గిందని తేల్చారు. పేపరు మనమీద పనిచేయదు అనుకునేవాళ్ళు ఒకసారి చూడండి.

శిక్షల సంగతి అడక్కండి. 2019లో డకెన్‌ఫీల్డ్ నిర్దోషి అన్నారు. వాంగ్మూలాలు దిద్దిన కేసు 2021లో సాంకేతిక కారణంతో కొట్టేశారు. మిగిలిందల్లా 2016 ఏప్రిల్ 26న వచ్చిన కొత్త విచారణ తీర్పు. ఇది చట్టవిరుద్ధమైన హత్యే అని ఏడుగురు, కాదని ఇద్దరు. అభిమానుల ప్రవర్తన ఏమైనా కారణమా అన్న ప్రశ్నకి జ్యూరీ జవాబు: కాదు.

అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేసి చాలా కాలమైంది. ఆ రాత్రి ఆయనకి మెయిల్ పెట్టాను. మర్నాడు ఇంగ్లండులో చాలా పేపర్లు ఈ తీర్పుని నెత్తిన పెట్టుకుంటే, ‘సన్’ మొదటి పేజీలో వేయలేదు, లోపలికి నెట్టేసింది. చూశావా అని అడిగాను.

జవాబు వచ్చింది. "నేనెలా చూస్తాను? మా ఊళ్ళో దొరకదుగా."