పినపాక ప్రాంతం: చదువు, పనితనం, జీవనోపాధి

పినపాక తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, గోదావరి తీరాన ఉన్న ఏజెన్సీ మండలం. పూర్వం బూర్గంపాడు తాలూకాలోనూ, 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఖమ్మం జిల్లాలోనూ ఉండేది. అదే ఏడాది కరకగూడెం దీన్నుంచి విడివడి వేరే మండలమైంది. 2008 పునర్విభజనలో ఏర్పడిన పినపాక శాసనసభ స్థానం షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయింది. మణుగూరు, అశ్వాపురం, బూర్గంపాడు దీని పరిధిలోవే కనుక ఈ వ్యాసంలో ‘పినపాక ప్రాంతం’ అంటే ఇవన్నీ కలిపి.

బొగ్గు, భారజలం, కాగితం, విద్యుత్తు ఈ నేల మీదే తయారవుతాయి. అయినా అందులో స్థానిక కోయల వాటా ఎక్కువగా కూలి పనికే పరిమితమైందన్నది పరిశీలకులు తరచు చెప్పే మాట. దీనికి కారణం చదువు లేకపోవడమా, నియామకాల తీరా అన్న దానిపై ఏకాభిప్రాయం లేదు.

బడులు

నిజాం కాలంలో ఆదివాసీ విద్యకు మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో బాట వేశారు. గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి వాళ్ల ఊళ్లకే పంతుళ్లుగా పంపడం ఆ పద్ధతి. ఆ తర్వాత కొద్ది కాలానికే అప్పటి వరంగల్ జిల్లా కోయలకూ దాన్ని విస్తరించారు. 1970ల మధ్య భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వచ్చాక ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు పెరిగాయి. ఇంట్లో కోయ, బడిలో తెలుగు అన్న చిక్కును తీర్చడానికి 2004లో ఉమ్మడి రాష్ట్రం 8 గిరిజన భాషల్లో వాచకాలతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. వాటిలో కోయ ఒకటి. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి రాష్ట్రంలో షెడ్యూల్డు తెగల అక్షరాస్యత సుమారు 49 శాతం. మొత్తం జనాభాలో అది 67 శాతం.

టీచరు కొలువు

చదువుకున్న ఏజెన్సీ కుటుంబానికి చాలాకాలం అందిన పెద్ద ఉద్యోగం టీచరు ఉద్యోగమే. షెడ్యూల్డు ప్రాంత బడుల్లో స్థానిక గిరిజనులనే నియమించాలని 1986లో 275వ నంబరు జీవో వచ్చింది. అది ట్రిబ్యునల్‌లో నిలవలేదు. 2000 జనవరి 10న వచ్చిన 3వ నంబరు జీవో ఆ పోస్టులను నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకు కేటాయించింది. హైకోర్టు మెజారిటీ తీర్పుతో దాన్ని సమర్థించింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతుతో కొనసాగనిచ్చింది.

ఈ జీవో ఫలితాన్ని రెండు రకాలుగా చెబుతారు. పిల్లల భాష తెలిసిన పంతులు బడిలో ఉన్నాడని ఒకరు, చదువంతా ఒకే కొలువు చుట్టూ తిరిగి సాంకేతిక విద్య వెనకబడిందని మరొకరు. రెండో వాదానికి ఆధారం బలహీనం. సాంకేతిక విద్యా సంస్థలు ఏజెన్సీకి ఆలస్యంగా, అరకొరగా వచ్చాయన్నదే ఎక్కువ నమ్మదగినది. లంబాడాలు 1976 సవరణతో తెలంగాణ ప్రాంతంలోనూ ఎస్టీ జాబితాలో చేరాక ఈ కొలువులకు పోటీ పెరిగింది. 2017 నాటి ఆదివాసీ ఉద్యమం వెనక ఈ పోటీ కూడా ఉంది.

బొగ్గు

ఇదే జిల్లాలోని ఇల్లెందులో బొగ్గు తవ్వకం 1886లో మొదలైందని కొన్ని రచనలు, 1889 అని మరికొన్ని చెబుతాయి. మొదటిది హైదరాబాద్ డెక్కన్ కంపెనీకి హక్కులు దక్కిన ఏడాది కనుక, తవ్వకానికి రెండోదే సరైనదిగా తోస్తుంది. మణుగూరు గనులు 1970ల్లో వచ్చాయి. ఇప్పుడక్కడ ప్రధానంగా ఓపెన్‌కాస్టే.

భూగర్భ గనిలో బొగ్గు నింపే ఫిల్లరుకు కావలసింది ఒంట్లో సత్తువ. చదువు అడిగేవారు కాదు. ఓపెన్‌కాస్టులో డంపరు నడపాలంటే హెవీ లైసెన్సు, వృత్తి శిక్షణ ఉండాలి. మైనింగ్ సర్దార్ కావాలంటే పదో తరగతి పైన గ్యాస్ టెస్టింగ్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు తప్పనిసరి. యంత్రాలు వచ్చిన కొద్దీ మొదటి రకం పని తరిగింది. ఈ గనులను నడిపే సింగరేణి సంస్థలో 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులుండగా 2024లో పర్మినెంటు వారు సుమారు 42 వేలు. ఉత్పత్తి మాత్రం పెరిగి 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. పై మట్టి తొలగించే ఓబీ పని చాలావరకు కాంట్రాక్టు సంస్థలదే.

పర్మినెంటు, కాంట్రాక్టు కార్మికుల మధ్య తేడా రాబడిలో కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రకటించిన లాభాల వాటా పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు. కాంట్రాక్టు కార్మికుడికి అయిదు వేలు, అదీ తొలిసారి.

ఇతర పరిశ్రమలు

సారపాక కాగితపు మిల్లు 1979లో, అశ్వాపురం దగ్గరి భారజల కర్మాగారం 1991లో ఉత్పత్తి ప్రారంభించాయి. మిల్లు చుట్టుపక్కల రైతుకు జామాయిల్, సుబాబుల్ తోటలు నేర్పింది. భారజల కర్మాగారంలో విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడు మధ్య పని కనుక ఆపరేటరుకు సైన్సు చదువు, శిక్షణ తప్పవు. మణుగూరు, పినపాక మండలాల సరిహద్దులో కట్టిన భద్రాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,080 మెగావాట్లు. దాని నాలుగు యూనిట్లు 2020 జూన్ నుంచి 2022 జనవరి లోపు వాణిజ్య ఉత్పత్తికి వచ్చాయి. గ్రిడ్డుకు కలిపిన తేదీలను లెక్కలోకి తీసుకున్న రచనల్లో ఇవి కొంత ముందుగా కనిపిస్తాయి. భూమి ఇచ్చినవారికి ఉద్యోగాల విషయం ఇక్కడ వివాదంగానే నడిచింది.

అడవి, సాగు

మిర్చి, పత్తి, పోడు, తునికాకు ఇక్కడి మిగతా ఆదాయాలు. వేసవిలో తెల్లవారుజామునే అడవికి వెళ్లి, లేతదీ ముదురుదీ కాని ఆకు ఏరి, 50 ఆకులకొక కట్ట కట్టి కల్లానికి తెస్తారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డు బస్తా. ఆకు ఎంపికలో ఉన్న నేర్పుకు వేరే ధర లేదు, కూలి కట్టల లెక్కనే. ఆ లెక్క రాసే కల్లెదారుకు మాత్రం కమీషన్ ఉంటుంది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయలు మిర్చి కోతల్లో ప్రధాన కూలీలయ్యారు. వారి పిల్లల బడి చదువు ఇంకా నిలకడగా లేదు.

ఇటీవలి మార్పులు

మణుగూరు, కృష్ణసాగర్‌లలో ఐటీఐలున్నాయి. 2024లో రాష్ట్రం 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పథకం మొదలుపెట్టింది. పొరుగున ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం లభించింది. కొత్తగూడెంలోని గనుల విద్యాసంస్థ 2025లో మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైంది. సీట్లు పెరగడంతోనే స్థానికుల వాటా పెరుగుతుందన్న అంచనా తొందరపాటు కావచ్చు. ఓబీ పనులు కాంట్రాక్టులోనే ఉన్నంతకాలం డంపరు నడిపే సర్టిఫికెట్ ఉన్నవాడికి కూడా పర్మినెంటు కార్మికుల వేజ్‌బోర్డు జీతం దక్కదు.