సైలెన్సర్ మార్పిడి, కార్బురేటర్ ట్యూనింగ్ (ఏటీవీ)

లావుపాటి మెత్తని టైర్లు, మోటారుసైకిల్ హ్యాండిలు ఉన్న నాలుగు చక్రాల బండిని ఏటీవీ అంటారు. దానికి కంపెనీ అమర్చిన సైలెన్సర్ తీసి బయటి తయారీదారు సైలెన్సర్ బిగించడం, ఆ తర్వాత కార్బురేటర్‌లో పెట్రోలు పాళ్లు సరిచేయడం చూడడానికి రెండు పనులు. ఇంజనుకు మాత్రం ఒకటే పని. పొగ సులువుగా బయటికి పోతే లోపలికి వచ్చే గాలి పెరుగుతుంది. గాలి పెరిగాక పెట్రోలూ పెరగాలి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే మోత పెరుగుతుంది, బలం పెరగదు, ఇంజను వేడెక్కుతుంది.

హోండా 1970లో మూడు చక్రాల బండితో మొదలుపెట్టిన ఈ ఏటీవీ జాతి, 1980ల మొదట్లో సుజుకి చేతిలో నాలుగు చక్రాలకు మారింది. భారతదేశంలో 2011 నుంచి పొలారిస్ ఏటీవీలు అమ్ముతోంది. సుజుకి ఓజార్క్ 250 లాంటి కార్బురేటర్ బండ్లూ కొన్ని వచ్చాయి. రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకాలోని జాలహళ్ళి లాంటి ఊళ్లలో పొలం పనికి ట్రాక్టరూ మోటారుసైకిలే ఆధారం, ఏటీవీ అరుదు. అయితే విద్య ఒకటే. యమహా ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్ కార్బురేటర్లు విప్పి బిగించిన చేతికి ఏటీవీ కార్బురేటర్ కొత్త కాదు.

టూస్ట్రోక్ ఇంజనులో సైలెన్సర్ పొగగొట్టం మాత్రమే కాదు, ఇంజనులో ఒక భాగమే. మధ్యలో ఉబ్బి చివర సన్నబడే గొట్టం, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని ఒత్తిడి అలతో వెనక్కి నెడుతుంది. ఈ విద్యకు 1950లలో పదును పెట్టినవాడు తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. ఆయన దగ్గరి రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ రేసు నుంచి పారిపోయి ఈ విద్యతో సుజుకిలో చేరాడు. మరుసటి ఏడే సుజుకి బండిమీద 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఒత్తిడి అల గొట్టం ఆకారాన్నిబట్టే నడుస్తుంది కనుక టూస్ట్రోక్ సైలెన్సర్‌లో అంగుళం కోసినా బండి స్వభావం మారిపోతుంది. నేటి ఏటీవీల్లో ఎక్కువ భాగం ఫోర్‌స్ట్రోకే కనుక అంత సున్నితం కాదు.

బిగింపు

పాత సైలెన్సర్ విప్పేటప్పుడు తొందర కూడదు. సిలిండర్ హెడ్ దగ్గరి స్టడ్లు తుప్పుపట్టి ఉంటాయి. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయాలి. స్టడ్డు హెడ్‌లో విరిగితే ఆ ఖర్చు కొత్త సైలెన్సర్ ఖర్చుతో పోటీపడుతుంది. బెండ్ పైపు మొదట్లో ఉండే ప్యాకింగు కొత్తది వేయాలి. పాతది ఒకసారి నలిగాక మళ్లీ సరిగా కూర్చోదు. బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, హెడ్ దగ్గరివి ముందు బిగించి, బ్రాకెట్టువి చివరికి ఉంచాలి. అటుది ఇటు చేస్తే గొట్టం వంకరగా లాగబడి, అదురుకు పగుళ్లు వస్తాయి.

ప్యాకింగు దగ్గర గాలి కారుతుంటే యాక్సిలేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ టపటపా పేలుతుంది. పెట్రోలు తక్కువైనా ఇదే లక్షణం. కాబట్టి కార్బురేటర్ ముట్టుకోకముందే లీకు లేదని తేల్చుకోవాలి. లేకపోతే లేని రోగానికి మందు వేసినట్టవుతుంది.

జెట్లు, నీడిల్, స్క్రూ

యాక్సిలేటర్ ఎంత తిప్పామన్నదాన్నిబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు దారి మారుతుంది. ఐడ్లింగులో, పావువంతు లోపు పైలట్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) పనిచేస్తుంది. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది పెత్తనం. ఆ పైన మెయిన్ జెట్టు. కొత్త సైలెన్సర్ వేశాక మెయిన్ జెట్టును ఒకటి రెండు నంబర్లు పెంచడం వాడుక. నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి దింపితే నీడిల్ పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. మిశ్రమం సరిచేసే స్క్రూ విషయంలోనూ అంతే. అది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే పలచన. ఇంజను వైపు ఉంటే పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే చిక్కన.

తీర్పు చెప్పేది స్పార్క్ ప్లగ్గు. కొత్త ప్లగ్గు వేసి, ఫుల్ యాక్సిలేటర్‌లో కొంతదూరం నడిపి, అక్కడికక్కడే ఇంజను ఆపి విప్పి చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. నల్లటి మసి పడితే ఎక్కువైంది. ఇటుక రంగులో ఉంటే సరి, కానీ సీసం లేని నేటి పెట్రోలులో ఆ రంగు పూర్వంలా స్పష్టంగా రాదు.

పొలంలో మందు ట్యాంకు లాగే ఏటీవీ ఫుల్ యాక్సిలేటర్ దాకా పోదు, దాని బతుకంతా నీడిల్ మీదే. బయటి సైలెన్సర్లు పెంచే బలం సాధారణంగా పై ఆర్‌పీఎంలోనే దొరుకుతుంది. అలాంటి బండికి ఈ మార్పు దండగ.

రాయచూరు గాలి, ఇప్పటి పెట్రోలు

రాయచూరు ప్రాంతం సుమారు 400 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి, సముద్రమట్టంలో 15 డిగ్రీల గాలికంటే 12, 13 శాతం పలచన. కార్బురేటర్ ఆ తగ్గుదలను సగమే గుర్తిస్తుంది కనుక మిశ్రమం ఆరేడు శాతం చిక్కబడుతుంది. దీనికి ఎదురుగా ఇథనాల్ ఉంది. 20 శాతం ఇథనాల్ పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి. ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలు. అంటే పాత జెట్టుతోనే బండి ఎనిమిది శాతం దాకా పలచనగా నడుస్తోంది, కొత్త సైలెన్సర్ దానికి తోడవుతుంది. ఎండాకాలంలో చిక్కదనం, పలచదనం దాదాపు చెల్లుకుపోతాయి. చలికాలం పొద్దున అసలు లోటు బయటపడుతుంది. నల్లరేగడి దుమ్ముతో ఫిల్టర్ మూసుకుపోయిన బండిలో మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. ముందు ఫిల్టర్ కడగాలి.

చాలా ఏటీవీల కంపెనీ సైలెన్సర్‌లో నిప్పురవ్వలను ఆపే జాలీ ఉంటుంది. బయటి సైలెన్సర్లలో చాలావాటికి అది ఉండదు. పత్తి ఏరే రోజుల్లో, వరిగడ్డి వాముల పక్కన తిరిగే బండికి ఈ జాలీ మోతకంటే ముఖ్యమైన సంగతి.

చట్టం

మామూలు ఏటీవీకి రోడ్డుమీద నడిపే రిజిస్ట్రేషన్ దొరకదు. ట్రాక్టరుగా అనుమతి పొందిన పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 లాంటివి మినహాయింపు. రోడ్డెక్కే బండికి మోత హద్దు దాటితే, 1988 మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షను కింద, 2019 సవరణ తర్వాత, మొదటి తప్పుకే మూడు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. హైదరాబాద్, విశాఖపట్నం పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు.

2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్ 6 నిబంధనలతో చాలా కొత్త మోటారుసైకిళ్లలో కార్బురేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో జెట్టు మార్చే పని కంప్యూటర్ మ్యాపులోకి వెళ్లింది, స్క్రూడ్రైవరు సరిపోదు.