నిండిన డిస్కునందు రక్షణచిహ్నములు



భూమి పట్టాలు, బ్యాంకు లెక్కలు మున్నగునవి నేడు కంప్యూటరులలో భద్రపఱుపబడుచున్నవి. ప్రతి ఫైలునందును లోపలి విషయమే గాక, దానిని ఎవరు చదువవచ్చునో, ఎవరు దిద్దవచ్చునో తెలుపు రక్షణచిహ్నములును గలవు. డిస్కు నిండి విషయమునకు చోటు చాలకున్న ఆ లోపము వెంటనే తెలియును. రక్షణచిహ్నమునకు చోటు చాలకున్న నేమగును? గాదె నిండుట నష్టము గాదు; నిండిన గాదెకు గడియ లేకుండుట నష్టము. ఈ చిక్కు ఎట్లు విడిపోయెనో విన్నవించెదను.

1969లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో కెన్ థాంసన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ వ్యవస్థకు శ్రీకారము చుట్టిరి. అందు ప్రతి ఫైలునకును ఐనోడ్ అను చిన్న పద్దు కలదు. యజమానికి, అతని వర్గమునకు, ఇతరులకు మూడేసి చొప్పున తొమ్మిది అనుమతి గుర్తులు కాలక్రమమున ఆ పద్దులోనే నిలిచినవి. పద్దులకు వలయు చోటు డిస్కును సిద్ధపఱచునాడే కేటాయింపబడుచుండెను. కావున డిస్కు నిండినను అనుమతి మార్చుటకు అడ్డు లేకుండెను. పద్దులే అయిపోయినచో క్రొత్త ఫైలు పుట్టదు. అనుమతి గుర్తులు లేని ఫైలు మాత్రము ఎన్నడును పుట్టదు.

పిమ్మట ఈ తొమ్మిది గుర్తులు చాలవయ్యెను. 2000లో అమెరికా జాతీయ భద్రతా సంస్థ వెలువరించిన ఎస్.ఇ.లినక్స్ 2003లో లినక్స్‌నందు చేరెను. ఇది ప్రతి ఫైలునకును పొడవైన ముద్ర నొకదానిని కోరును. నాటి ఎక్స్‌ట్-3 పద్ధతిలో పద్దు సామాన్యముగా 128 బైట్లే యగుటచే, ముద్రకొఱకు డిస్కులో వేఱొక గడి తీసికొనవలసివచ్చెను. డిస్కు నిండినచో ఆ గడి దొరకదు. అప్పుడు ముద్ర లేకయే ఫైలును పుట్టనిచ్చుటయా, ఫైలునే నిరాకరించుటయా? లినక్స్ నిర్మాతలు రెండవ దానినే స్వీకరించిరి. పని ఆగుట కష్టమే. కాని ఆగిన పనిని మరల చేయవచ్చును, బయటపడిన రహస్యమును మరల దాచలేము. 2008లో వచ్చిన ఎక్స్‌ట్-4 పద్ధతిలో పద్దు సామాన్యముగా 256 బైట్లయ్యెను. చిన్న ముద్రలు అందులోనే ఇముడును. పెద్దవానికి నేటికిని వేఱు గడి కావలెను.

ఇందొక ప్రమాదము మిగిలియున్నది. ఇదివఱకే యున్న ఫైలునకు కట్టుదిట్టమైన క్రొత్త అనుమతి పట్టిక తగిలింపబోగా చోటు చాలకున్నచో, పాత అనుమతియే నిలుచును. తెఱచియున్న తలుపు తెఱచియే యుండును. కావున “చోటు లేదు” అను హెచ్చరికను అధికారులు తేలికగా త్రోసివేయరాదు. ముందు పాత తొమ్మిది గుర్తులతోనైనను తలుపు మూసి, పిమ్మట చోటు ఖాళీ చేయుట మేలు.